మాట ఒకటే, కాలేజీ ఒకటే

ఇకనుంచి మన దగ్గర చిన్న కాలేజీ అనేది ఉండదని విద్యామంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. పదకొండున్నరకల్లా లేకుండా పోయింది.

అంత త్వరగా ఎలా జరిగిందని పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. ఇంజనీరింగ్ ప్రవేశాల ఆఫీసులో, సహాయ కేంద్రం మూడో కౌంటరులో పదిహేడేళ్ళుగా కూర్చుంటున్నవాణ్ణి కాబట్టి నేను చెప్పగలను. మా హాల్లో గోడమీద రెండు వందల పధ్నాలుగు కాలేజీల జాబితా ఉంటుంది. మంచి ర్యాంకులకు తప్ప తలుపు తియ్యనివి పైన, ఏ ర్యాంకు వచ్చినా రమ్మనేవి కింద. మా ప్యూను నిచ్చెన వేసుకుని, ఆ బోర్డుని తలకిందులు చేసి మేకులు కొట్టాడు. అంతే. అక్షరాలు తిరగబడ్డాయి గానీ, సమానత్వం వచ్చేసింది. తల్లిదండ్రులు మెడలు వంచి చదువుకోసాగారు.

ఆ రోజు మంత్రిగారి ఉపన్యాసం విన్నవాళ్ళు ధన్యులు.

“చదువు పిల్లవాడిలో ఉంటుంది, గేటులో ఉండదు. పెద్ద కాలేజీ మోజు మనసుకి పట్టిన జబ్బు. ఆ జబ్బు నేను కుదురుస్తాను,” అన్నారు.

వెనక వరసలోంచి ఒక విలేఖరి లేచింది. “సార్, మీ అబ్బాయికీ ఈ ఏడాదే కదా ర్యాంకు వచ్చింది. ఎక్కడ చేరుస్తున్నారు?”

ఇలాంటి ప్రశ్నకి మామూలు మనిషి తడబడతాడు. మంత్రిగారు తడబడలేదు. గ్లాసు ఎత్తారు. అందులో నీళ్ళు లేవు. లేని నీళ్ళే రెండు గుక్కలు తాగి, గ్లాసు కింద పెట్టారు.

“మావాడు చివరి కాలేజీలో చేరతాడు. ఆ జాబితాలో ఆఖరున ఏదుందో, అందులో.”

మా డైరెక్టరుగారు చెవిలో చెప్పారు: “రెండు వందల పధ్నాలుగు సార్.”

“అందులోనే,” అన్నారు మంత్రిగారు.

డైరెక్టరుగారిని ఆఫీసులో, ఆయన వెనకాల, తథాస్తు అంటాం. పెద్దవాళ్ళ నోటివెంట ఏది వచ్చినా దాన్ని ఉత్తర్వుగా మార్చి సాయంత్రంలోగా సంతకం పెట్టించగలరు. ఆయన మొహం నేను దగ్గరగా చూశాను. ఎవరో మెట్ల మీంచి జారుతుంటే చూసేవాడి మొహం అది.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఎందుకంటే ఆ 214ని మంత్రిగారికంటే రెండు నెలల ముందే మా అమ్మాయి కోరుకుంది.

మా అమ్మాయి మూడో ఏట గోడగడియారం విప్పింది. అప్పటినుంచి ఇంట్లో అందరికీ అది విప్పులమ్మ. దాని ర్యాంకు పద్ధెనిమిది వేల నాలుగు వందల పన్నెండు. మేమిద్దరం కలిసి ఎనిమిది కాలేజీలు తిరిగి చూశాం. మొదటి కాలేజీలో లోహం కరిగించే కొలిమిని అద్దాల గదిలో పెట్టారు. ‘ముట్టరాదు’ అని రాసి ఉంది. పిల్లలు దాని ముందు బారుగా నిలబడి బొమ్మ గీసుకుంటున్నారు. 214లో కొలిమి ఉన్న షెడ్డుకి తలుపే లేదు. పోతపని నేర్పే మాస్టారి చొక్కా చేతుల నిండా కాలిన చిల్లులు. ఆయన మా అమ్మాయిని ఎగాదిగా చూసి, “ఏమ్మా, పోస్తావా?” అన్నారు. మోచేతులదాకా వచ్చే తొడుగులు ఇచ్చారు. అది కరిగిన అల్యూమినియాన్ని ఇసుక అచ్చులో పోసింది. చల్లారాక అరచేతిలో పట్టే పళ్ళచక్రం బయటికొచ్చింది, ఒక పన్ను విరిగి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని, “నాన్నా, నాకు ఇదే కాలేజీ. ఆ పన్నెందుకు విరిగిందో కనుక్కోవాలి,” అంది.

మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. బీమా ఏజెంటైన మా బావమరిది మాత్రం చాలా మాట్లాడాడు. “బావా, ఆ కాలేజీకి సీటు అడగక్కర్లేదు. బస్టాపులో ఊరికే నిలబడితే వాళ్ళే ఎక్కించుకుపోతారు.”

మంత్రిగారి ప్రకటన సాయంత్రం టీవీలో వచ్చిన అరగంటకి అదే బావమరిది చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చాడు.

“విప్పులమ్మా! నీది బుర్ర కాదే, బంగారం! మంత్రి కొడుకు పక్కన కూర్చుంటావు!”

“మొన్న బస్సెక్కించుకుపోతారన్నావుగా మావయ్యా?”

“మొన్నటి మాట మొన్నటిదే. కన్నకొడుకుని అక్కడ వేస్తున్నాడంటే ఊరికే వేస్తాడా?”

ఆ ప్రశ్న మొదట విన్నది నేను మా ఇంట్లోనే. తర్వాత ఎన్ని వేల నోళ్ళలో విన్నానో లెక్కలేదు.

శుక్రవారం ప్రతిజ్ఞోత్సవం. ‘మాట ఒకటే, కాలేజీ ఒకటే’ అని ఇరవై అడుగుల బ్యానరు. పథకం ఎవరికైనా అర్థమయ్యేంత సులువైనది. దరఖాస్తు ఫారంలో కొత్తగా ఒక ప్రతిజ్ఞ గడి చేర్చారు. అందులో టిక్ పెట్టినవాళ్ళు ఒకే ఒక్క కాలేజీ కోరుకోవాలి. జాబితాలో మొదటి అయిదు పెద్ద కాలేజీలూ ఆ క్షణంనుంచి వాళ్ళకి లేనట్టే. ముందే సీటొచ్చి ఉన్నా ఎగిరిపోతుంది. అందుకు బదులు, మిగతా కాలేజీల్లో టిక్ ఉన్నవాళ్ళకే ముందు సీటు. ఒక ఆత్మగౌరవ పత్రం కూడా ఇస్తారు. దానికి లామినేషన్ ఉచితం. పెట్టిన టిక్కు తియ్యడం ఎవరివల్లా కాదు. పెట్టడానికి మాత్రం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. “ఆత్మగౌరవానికి గడువేమిటి?” అన్నారు మంత్రిగారు. తథాస్తుగారు రాసుకున్నారు.

మొదటి టిక్కు మంత్రిగారి అబ్బాయిది. స్టోరులోంచి ఒక పాత కంప్యూటరు తెచ్చి, తుడిచి, దండ వేసి వేదిక మీద పెట్టారు. ఆపరేటరుగా నన్ను పక్కన నిలబెట్టారు.

“సార్, ఇక్కడికి నెట్ తీగ అందట్లేదు,” అన్నాను.

“స్ఫూర్తికి నెట్ ఎందుకయ్యా?” అన్నారు తథాస్తుగారు. “ఫారం మిషన్లోనే ఉండిపోతుందిగా?”

అది నిజమే. నెట్ సరిగా రాని ఊళ్ళకోసం అలాంటి ఏర్పాటు ఉంది. ఫారం మిషన్లో దాక్కుంటుంది. తీగ పెట్టగానే ‘పంపాలా?’ అని అడుగుతుంది.

అబ్బాయి వచ్చాడు. పొడుగ్గా, మర్యాదగా, మెడలో హెడ్‌ఫోనుతో ఉన్నాడు. కెమెరాలవైపు నవ్వుతూనే నన్ను మెల్లగా అడిగాడు.

“అంకుల్, దీనికి నెట్ ఉందా?”

“లేదు బాబూ.”

“పక్కానా?”

“పక్కా.”

“సరే అయితే,” అని టిక్ పెట్టాడు.

భవిష్యత్తుని అంత నిశ్చింతగా త్యాగం చేసిన పిల్లవాణ్ణి నా ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. హాలంతా లేచి నిలబడింది. మంత్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“సార్, ఆఫీసుకెళ్ళాక బాబుగారి ఫారం పంపించెయ్యనా?” అని అడిగాను.

“నేను చూసుకుంటాలే. నువ్వా మిషన్ని ఓ పక్కన జాగ్రత్తగా పెట్టు. చరిత్రకెక్కిన వస్తువు.”

తెచ్చి నా కౌంటరు కిందే పెట్టాను. దండ తియ్యలేదు.

సాయంత్రం ఇంట్లో టీవీలో ఆ దృశ్యం మళ్ళీ మళ్ళీ వేస్తున్నారు. విప్పులమ్మ చేతిలో చక్రం తిప్పుతూ చూస్తోంది.

“నాన్నా, దానికి వెనకాల తీగ లేదు.”

“అది వేదికమ్మా.”

“వేదికైతే?”

“తీగలుంటే కాళ్ళకి అడ్డంపడతాయి.”

అది నావైపు ఒకసారి చూసి, మళ్ళీ చక్రం తిప్పసాగింది. అప్పుడు నేను అబద్ధమాడలేదని ఇప్పటికీ అనుకుంటాను. తనకి తెలిసిన సంగతిని తననుంచే దాచుకోవడానికి మనిషికి పెద్ద బీరువా ఏమీ అక్కర్లేదు. చిన్న వాక్యం చాలు. దాచింది వెతుక్కోవడం మాత్రం కష్టం.

మర్నాటికల్లా మా ఆఫీసు గేటు ఒకటి ఊడిపోయింది. జనం అలా వచ్చారు. ఏడో ర్యాంకు వచ్చిన కుర్రవాడి తండ్రి, పెద్ద డాక్టరు, నా కౌంటరు ముందు చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

“టిక్ పెట్టండి. 214.”

“సార్, మీవాడికి మొదటి కాలేజీలో కోరిన బ్రాంచి వస్తుంది.”

“అది అందరికీ తెలిసిందే కదండీ. 214లో ఏదో ఉంది.”

“ఏముందంటారు?”

“అదే తెలియదు. బయటికి తెలిస్తే ఈపాటికి జనం ఎగబడరూ?” అన్నాడు. ఆయన వెనక ఆరొందలమంది ఉన్నారు. “సొంత కొడుకుని ఊరికే వేస్తాడా?”

నేను ఆలోచించాను. వాళ్ళలో ఒక్కడు కూడా మంత్రిగారి మాట నమ్మలేదు. నమ్మి ఉంటే, అన్ని కాలేజీలూ ఒకటేనని ఎవరికి దగ్గరైన కాలేజీ వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నమ్మలేదు గనకే వచ్చారు. ఒక నాయకుడిమీద ప్రజలకి ఇంత గట్టి అపనమ్మకం ఉంటే, ఆయన వాళ్ళని ఎక్కడికైనా నడిపించగలడు.

నా కౌంటరు మీద ఒక రేకు బోర్డుంటుంది: ‘ఆప్షన్ ఎవరిదో మౌస్ వారే నొక్కాలి.’ అది నేను పెట్టించిందే. పదిహేడేళ్ళలో ఇతరుల ఆప్షను మీద నేను వేలు వెయ్యలేదు. ఒకాయన చేతికి కట్టుతో వచ్చినా, ఎడమ చేత్తో నొక్కించాను. తర్వాత ‘మీవల్లే’ అనే మాట పడడం నాకు ఇష్టం ఉండదు.

ఒకరోజు పోతపని మాస్టారు మా అమ్మాయికి ఫోను చేశారు. స్పీకరులో పెట్టింది.

“ఏమ్మా చక్రం, బాగున్నావా? ఇక్కడ సంతలా ఉందమ్మా. నిన్నొకాయన కొలిమి ఏ దేశందని అడిగాడు. మా తాపీమేస్త్రి కట్టాడన్నాను. నవ్వి, ‘చెప్పకూడదా, సరే లెండి’ అని వెళ్ళిపోయాడు. ఫొటోలు దిగినవాళ్ళు మూడొందలమంది. ఇసుకలో చెయ్యిపెట్టినవాడు ఒక్కడూ లేడు. నువ్వు తొందరగా వచ్చెయ్యి.”

ఆప్షన్లకి ఆఖరు రోజు ఆదివారం. మధ్యాహ్నం ఇంట్లో కంప్యూటరు ముందు నలుగురం కూర్చున్నాం.

“టిక్ పెడితే ఇదొక్కటే నాన్నా. ఇక్కడ రాకపోతే నాకు ఏడాదంతా ఏదీ ఉండదు,” అంది విప్పులమ్మ.

“పెట్టకపోతే, నీ వెనక ర్యాంకువాడికి టిక్కుంటే వాడికి ముందిస్తారు.”

“టిక్కులున్నవాళ్ళు ఎంతమంది?”

ఆ పూటకి నలభై ఒక్క వేలు. ఆ అంకె నేనే టైపు చేశాను. “చాలామందే,” అన్నాను.

“నాకంటే ముందు ర్యాంకులవాళ్ళు?”

“ఉంటారు కొందరు.”

“మంత్రి కొడుకు ఫారం వెళ్ళిందా?”

“డైరెక్టరుగారు చూసుకుంటానన్నారు.”

“చూసుకున్నారా?”

“పెద్దవాళ్ళని అలా అనుమానించకూడదే,” అంది మా ఆవిడ.

“ఊరికే వేస్తాడా?” అన్నాడు బావమరిది.

విప్పులమ్మ మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. “అయితే నువ్వే నొక్కు నాన్నా.”

నేను నొక్కాను.

సీట్ల జాబితా గురువారం వచ్చింది. 214లో సీట్లన్నీ పంతొమ్మిది వందల ఆరో ర్యాంకు దగ్గర నిండిపోయాయి. పదహారు వేలమంది తర్వాత ఉన్న మా అమ్మాయి పేరు పక్కన ఒక గీత ఉంది. మొదటి కాలేజీలో రెండు వందల నలభై సీట్లకి నూట ముప్ఫై ఒకటి నిండాయి. ఆ నూట ముప్ఫై ఒకటో విద్యార్థి ర్యాంకు అరవై ఒక్క వేల ఏడు వందల ముప్ఫై. మంత్రిగారి అబ్బాయి.

వెంటనే విలేఖర్ల సమావేశం. అదే విలేఖరి, అదే వెనక వరస.

“సార్, చివరి కాలేజీలో చేరతాడన్నారు. మొదటి దాంట్లో సీటొచ్చింది!”

ఈసారి గ్లాసులో నీళ్ళున్నాయి. మంత్రిగారు తాగలేదు.

“అమ్మా, ఈరోజు అందరూ కావాలంటున్న కాలేజీ ఏది? 214. ఎవరూ చేరక బోసిపోయిన కాలేజీ ఏది? మీరే చెప్పండి. చివరిది ఏదో అందులో చేరతాడన్నాను. చేరాడు. 214లో వాడు కూర్చుంటే ఒక పేదపిల్లవాడి సీటు పోయేది.” ఆయన మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “మా కుటుంబానికి మాట ఒకటే.”

హాలు దద్దరిల్లింది. నేను కూడా చప్పట్లు కొట్టాను. కొట్టడం అయ్యాక చేతులు చూసుకున్నాను.

మర్నాడు కౌంటర్ల దగ్గర చాంతాడంత బారు. మొదటి కాలేజీలో ఖాళీలున్నాయిగా, టిక్కు తీసెయ్యమని అందరూ. నేను అందరికీ ఒకటే జవాబు చెబుతూ, తల ఎత్తకుండా టోకెన్లు పిలుస్తున్నాను.

“నూట ఎనభై మూడు.”

“సార్, టిక్కు తీసెయ్యొచ్చా?”

గొంతు గుర్తుపట్టాను గానీ తల ఎత్తలేదు. “వీల్లేదమ్మా. ఎవరివల్లా కాదు. పత్రం తెచ్చుకుంటే లామినేషన్ ఉచితం.”

“పెట్టింది నేను కాదు సార్.”

తల ఎత్తాను. ఇంట్లో నన్ను నువ్వు అనే పిల్ల. కౌంటరుకి అవతల, బారులో, చేతిలో టోకెనుతో నిలబడి ఉంది. కోపంగా లేదు. విరిగిన పన్నుని చూసినట్టు చూస్తోంది నన్ను.

“ఎవరు పెట్టినా, ఫారం మీదేనమ్మా,” అన్నాను.

“సరే సార్.” వెళ్ళబోతూ కిందికి చూసింది. ఎండిన దండ, కంప్యూటరు. “ఇది ఆ వేదిక మీదదేనా?”

“అవును.”

“పాడైందా?”

“లేదు. తీగ లేదు.”

ఊడిపోయిన తీగ కనిపిస్తే దాని చెయ్యి ఊరుకోదు, చిన్నప్పటినుంచీ అంతే. వంగి, నా కౌంటరు వెనక వేలాడుతున్న నెట్ తీగ అందుకుని, దాని వెనక గుచ్చింది. మిషను ఆన్ చేసింది. కాసేపు మూలిగి తెర వెలిగింది. ఫారం అలాగే ఉంది. టిక్కు అలాగే ఉంది. కింద ఒక వాక్యం: ‘ఈ ప్రతిజ్ఞ ఇంకా పంపలేదు. పంపాలా?’

విప్పులమ్మ పేరు చదివింది. తర్వాత నా రేకు బోర్డు చదివింది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

“నాది మీరు నొక్కారు సార్. ఇదీ మీరే నొక్కండి.”

టిక్కు ఆ అబ్బాయే పెట్టాడు, దేశమంతా చూసింది. పంపడమొక్కటే మిగిలింది. పంపడం ఆపరేటరు పని. పాపం డైరెక్టరుగారికి పనుల ఒత్తిడిలో తీరిక దొరకలేదు. ఒక అధికారి భారం ఒక గుమాస్తా దించడంలో తప్పేముంది? ఇవన్నీ నేను తర్వాత ఆలోచించాను. ముందు నొక్కాను.

ప్రింటరు కదిలింది. మంత్రిగారి అబ్బాయి పేరుతో ఆత్మగౌరవ పత్రం వెచ్చగా బయటికొచ్చింది. లామినేషన్ చేసి, ప్యూనుకిచ్చి మంత్రిగారి బంగళాకి పంపాను.

“నూట ఎనభై నాలుగు,” అన్నాను.

మధ్యాహ్నం తథాస్తుగారు చొక్కా గుండీలు ఒకదానికొకటి కుదరకుండా పరుగెత్తుకొచ్చారు.

“ఎవడు పంపాడయ్యా ఆ ఫారం? బాబుగారి సీటు ఎగిరిపోయింది!”

“తీగ పెట్టగానే మిషనే అడిగింది సార్. టిక్కు బాబుగారిదే.”

“తీసెయ్! ఇప్పుడే తీసెయ్!”

“తియ్యడం ఎవరివల్లా కాదు సార్. ఉత్తర్వు మీద సంతకం తమరిదే.”

ఆయన నోరు తెరిచారు. జీవితంలో మొదటిసారి ఆ నోట తథాస్తు రాలేదు.

మర్నాడు ఉదయం పదకొండు గంటలకు మంత్రిగారు ఒక ప్రకటన చేశారు. పసిమనసుల్ని ప్రతిజ్ఞలతో బంధించడం మానసిక శాస్త్రానికి విరుద్ధమని నిపుణులు చెప్పారట. అందుచేత నలభై మూడు వేల టిక్కులూ రద్దు. పెద్ద కాలేజీల్లో నిన్నటిదాకా సీటున్నవారి సీట్లు భద్రం. మిగతావాళ్ళు మళ్ళీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఈసారి పదకొండుంబావుకే అయిపోయింది. ప్యూను నిచ్చెన వేసుకుని బోర్డుని తిన్నగా తిప్పాడు. లామినేషన్ చేసిన పత్రాల్ని ఏం చెయ్యాలో ఉత్తర్వులో లేదు.

సాయంత్రానికి 214 ఖాళీ అయిపోయింది. ఏడో ర్యాంకు డాక్టరు అందరికంటే ముందు వచ్చాడు. “మంత్రి కొడుకు అక్కడికి వెళ్ళలేదంటే ఊరికే మానేస్తాడా?” అన్నాడు.

ఇంటికెళ్ళేసరికి బావమరిది కుర్చీలో కూర్చుని కాళ్ళూపుతున్నాడు. “బావా, ఇంకా ఆ బస్టాపు కాలేజీయేనా? దీనికి నువ్వైనా చెప్పు.”

విప్పులమ్మ కంప్యూటరు ముందు ఉంది. పక్కన, కాగితాలు ఎగిరిపోకుండా, పన్ను విరిగిన చక్రం. తెరమీద మొదటి గడిలో 214 రాసి, నావైపు తిరిగింది.

నేను చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను.